ఆదివారం పనికి రామన్నవాళ్లు

త్రిపురాంతకం



నువ్వు పెట్టిన పెద్ద మెసేజ్ మీ నాన్న ఫోనులో చదివి వినిపించాడు. తర్వాత నేను కళ్లజోడు పెట్టుకుని మళ్లీ నిదానంగా చదువుకున్నాను. హాస్టల్లో నీ స్నేహితురాలు లేవీయకాండం 25వ అధ్యాయం తెరిచి నీ ముందు పెట్టి, మనుషుల్ని కొనుక్కోవచ్చని మీ గ్రంథంలోనే ఉంది కదా అని అడిగిందన్నావు. పాస్టరుగారికి ఫోన్ చేస్తే ఆ కాలం వేరు తల్లీ అన్నారని, ఆ జవాబు నీకు ఆనలేదని రాశావు. లా చదివే పిల్లవి, ఆనకపోవడమే మంచిది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ అమ్మాయి ఉన్నదే చదివింది. బానిసల గురించి బైబిల్లో ఉన్న చట్టాలు ఈ రోజు నిలబడవు. నిలబెట్టాలని మనం ప్రయాస పడకూడదు కూడా. సంఘ పెద్దగా ఉండి, ప్రతి ఉదయం ఆ గ్రంథమే చేత పట్టుకునే మనిషిగా ఈ మాట రాస్తున్నాను. దీనివల్ల నా విశ్వాసం ఏమీ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఆ అధ్యాయం నువ్వూ పూర్తిగా చదువు. ఇశ్రాయేలీయుడు బీదపడి తన్ను తాను అమ్ముకుంటే అతణ్ణి బానిసలా చూడకూడదు, కూలివాడిలా ఉంచుకోవాలి, యాభై ఏళ్లకొకసారి వచ్చే సునాద సంవత్సరం రాగానే పిల్లలతో సహా పంపెయ్యాలి. చుట్టుపక్కల జనాల నుంచి కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఆస్తి. తండ్రి పోయాక కొడుకులకు వారసత్వంగా దక్కుతారు. మనవాళ్లకు ఒక లెక్క, పైవాళ్లకు ఒక లెక్క. ఈ రెండు లెక్కల సంగతి మాదిగపల్లెలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా? ఊళ్లో రైతు చితికిపోతే అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకునే బాకీ సంగతి మాట్లాడేవాళ్లు. మన ముత్తాతలు చితికిపోతే కొడుకును జీతానికి పెట్టమనేవాళ్లు.

నిర్గమకాండం 21 ఇంకా దగ్గరగా చదవాలి. హెబ్రీ దాసుడు ఆరేళ్లు చాకిరీ చేస్తాడు, ఏడో ఏట ఊరికే వెళ్లిపోవచ్చు. వినడానికి బాగానే ఉంది. అయితే అతనికి పెళ్లి చేసింది యజమానే అయితే భార్యా పిల్లలూ యజమాని వాళ్లే అవుతారు, ఇతను ఒంటరిగా గడప దాటాలి. వాళ్లను వదిలిపోలేను, నా యజమానిని ప్రేమిస్తున్నాను అన్నాడా, తలుపు దగ్గరికి తీసుకెళ్లి కదురుతో చెవి గుచ్చుతారు. ఇక బతికినన్నాళ్లూ దాసుడే. ఈ వచనాల మీద, దేవుణ్ణి విడవలేని భక్తుడి ప్రేమకు ఇది గుర్తు అంటూ మంచి మంచి ప్రసంగాలు విన్నాను. నాకు మాత్రం అవి ఎన్నడూ మింగుడుపడలేదు.

ఎందుకంటే ఆ గడప దగ్గర నాకు మా తాతే కనిపిస్తాడు. ఆయన ఒకే ఇంట్లో ఉగాది నుంచి ఉగాదికి జీతం ఉండేవాడు. పెళ్లికి తెచ్చిన అప్పు మీద నోటు రాయించుకున్నారు. మా పెదనాన్నకు పశువుల వెనక నడిచే ఈడు రాగానే ఆయన్నీ అదే ఇంటి గొడ్ల దగ్గర పెట్టారు. పండగనాడు లెక్క చూసేవేళ ఆసామి మంచిగానే అడిగేవాడట: నీ ఇష్టంరా, పోతే పో, బాకీ తీరేదాకా పిల్లోణ్ణి మాత్రం ఉంచు. తాత నేల చూపులు చూసి, నేనూ ఉంటానయ్యా అని వేలిముద్ర వేసి వచ్చేవాడు. పైగా వాడికి ఆ ఇల్లంటే ప్రాణం అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. పిల్లవాణ్ణి పట్టుకుని తండ్రి చేత ప్రేమగా ఉంటానని చెప్పించుకోవడం ఎంత పాతదో ఆ అధ్యాయం చదివితే తెలుస్తుంది. దాన్ని చట్టంగా రాసిన కలం మీద నాకు కోపమే వస్తుంది. ఆ కోపం ప్రభువు ముందు దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ తోచలేదు.

అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది. యజమాని కర్రతో కొట్టగా దాసుడు అక్కడికక్కడే చనిపోతే శిక్ష ఉంది. ఒకటి రెండు రోజులు బతికి చనిపోతే లేదు, వాడు యజమాని సొమ్ము గనక. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక నీకు చెప్పబోయే సమాధానాలు నాకు తెలుసు. అది మన పాలేరుతనం లాంటిదే గాని అమెరికా బానిసత్వం లాంటిది కాదంటారు. పాలేరుతనం ఏపాటిదో పైన రాశాను. ఆ రోజుల్లో అందరూ అంతే అంటారు. నాలుగో శతాబ్దంలో నిస్సా అనే చోట గ్రెగొరీ అనే బిషప్పు ఉండేవాడు. దేవుని పోలికలో పుట్టిన మనిషికి వెల కట్టగల నాణెం ఎక్కడుందని ఆయన ప్రసంగ పీఠం మీదే అడిగాడు. ఆ రోజుల్లో ఆ ఆలోచన రాక కాదు, వచ్చినవాళ్ల మాట వినక. పౌలు ఏం చెయ్యగలడు, రోమా ప్రభుత్వం కదా అంటారు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికల్లో దాసులు లోబడి ఉండాలని ఉంది, పేతురు పత్రికలో అయితే కఠినులైన యజమానులకు కూడా లోబడమని ఉంది. ఒనేసిము అనే దాసుణ్ణి పౌలు తన ప్రాణం లాంటివాడంటూనే, సహోదరుడిలా చేర్చుకోమంటూనే, మళ్లీ యజమాని ఫిలేమోను దగ్గరికే పంపాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందటి ద్వితీయోపదేశకాండం 23లో, తప్పించుకు వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించొద్దని, తనకు నచ్చిన ఊళ్లో ఉండనివ్వమని రాసి ఉంది. ఈ ఒక్క విషయంలో పాత చట్టమే పత్రిక కన్నా ఎత్తులో ఉందని నా అభిప్రాయం. 1850లో పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలని అమెరికాలో చట్టం వచ్చినప్పుడు, దాన్ని సమర్థించిన బోధకులు ఫిలేమోను పత్రికే చూపించారు. ద్వితీయోపదేశకాండం వాళ్ల బైబిల్లోనూ ఉంది మరి.

మనం బాప్టిస్టులం గనక ఇంటి సంగతి కూడా నీకు తెలియాలి. తెలుగు మిషన్‌కు పునాది వేసిన శామ్యూల్ డే దొరగారు 1836లో వచ్చారు, 1840లో నెల్లూరు చేరారు. ఆయన్ని పంపిన అమెరికా బాప్టిస్టులు అప్పటికే బానిసల విషయమై తగాదా పడుతున్నారు. బానిసలున్న మనిషిని మిషనరీగా పంపుతారా, పంపరా అని దక్షిణాదివాళ్లు నిలదీశారు. పంపం అన్నారు. 1845 మే నెలలో జార్జియా రాష్ట్రం ఆగస్టా పట్టణంలో దక్షిణాదివాళ్లు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. మన మిషన్ ఉత్తరాదివాళ్ల దగ్గరే ఉండిపోయింది. విడిపోయినవాళ్లు తమ తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగింది 1995లో.

ఆ 1845లోనే ఇద్దరు బాప్టిస్టు పెద్దలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దక్షిణాది నుంచి రిచర్డ్ ఫుల్లర్, ఉత్తరాది నుంచి ఫ్రాన్సిస్ వేలాండ్. పాత నిబంధనలో దేవుడు ఒప్పుకున్నది, కొత్త నిబంధనలో అపొస్తలులు వద్దననిది పాపం ఎలా అవుతుందన్నాడు ఫుల్లర్. నీ పొరుగువాణ్ణి నీవలె ప్రేమించమన్న ఆజ్ఞకూ ఈ పనికీ పొత్తు కుదరదన్నాడు వేలాండ్. నిజాయితీగా చెప్పాలంటే, వచనాల లెక్క తీస్తే ఫుల్లర్ వాదమే గట్టిగా కనిపిస్తుంది. నువ్వు రేపు కోర్టులో నిలబడేదానివి, ఇది నీకు తేలిగ్గా అర్థమవుతుంది. సెక్షన్లు ఒక పక్షాన ఉన్నా న్యాయం రెండో పక్షాన ఉండొచ్చు. ఫుల్లర్‌కు బానిసలుండేవాళ్లు. గ్రంథాన్ని ఆయన యజమాని కుర్చీలో కూర్చుని చదివాడు.

ఆ గ్రంథాన్నే మనవాళ్లు ఎక్కడ కూర్చుని చదివారో చూడు. నేను చెప్పదలిచిందంతా ఇక్కడే ఉంది.

మన మిషన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. ఆ ఏడే తాళ్లకొండపాడు పక్క నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన నడిచిన ఊళ్ల వెంటే సంఘాలు పుట్టాయి. తర్వాత 1876 నుంచి 78 దాకా కరువు. దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకుండా కరువు నాళ్లలో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. మన పైనుంచి, నల్లమల నుంచి దిగే ఏరే అది. 1882లో కంభంలో మిషన్ పెట్టారు, తర్వాత మార్కాపురంలో. ఈ సంఖ్యలు సంఘాల వార్షికోత్సవాల్లో వింటూనే ఉంటావు. ఎవరూ అంతగా చెప్పని సంగతి ఒకటుంది.

దొర కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. విగ్రహాలకు మొక్కొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. ఆదివారం పని చెయ్యొద్దు. మూడోది ఊరిని కదిలించింది.

అప్పటి మాదిగపల్లె చాకిరీ ఎలాంటిదో ఊహించు. కపిల బావికి మోట కుట్టాలి, చినిగితే రాత్రికి రాత్రి బాగు చెయ్యాలి. ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టాలి. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. జాతరకు డప్పు కొట్టాలి. సర్కారు మనిషి వస్తే మూట నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా నడవాలి. వీటికి రోజు కూలి లేదు, కళ్లం చేసినప్పుడు పెట్టే మేర ఒక్కటే. పిలిచినప్పుడు రాకపోతే ఆ మేరా ఉండదు. అలాంటివాళ్లు కోతల రోజుల్లో, ఇవాళ ఆదివారం, రాము అన్నారు. బావుల దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. ఈ గొడవలన్నీ దొర తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నాడు. ఆయన చనిపోయాక 1914లో అది అచ్చయింది. అయినా పల్లెలు ఆదివారాన్ని వదల్లేదు.

ఆ ఆజ్ఞ ఎక్కడిదో చూడు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం. ఏడో దినాన నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి, నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావని గుర్తుంచుకో అని ఉంటుంది. ఆ మాట యజమానికి చెప్పింది. ఇంట్లో దాసులుంటారని ముందే ఒప్పుకుని చెప్పింది. బానిసత్వం తప్పని అందులో లేదు. మన ముత్తాతలు దాన్ని యజమానికి వచ్చిన సలహాగా చదవలేదు. ఆ వాక్యంలో ఉన్న దాసుడు తామేనని చదివారు. దేవుడు నాకొక రోజు ఇచ్చాడు, దాన్ని తీసుకునే హక్కు నీకు లేదని ఆసామి ముందు నిలబడ్డారు. అక్షరం రాని మనుషులు విని పట్టుకున్న అర్థం అది. సెమినరీల్లో పెద్ద చదువులు చదివినవాళ్ల వ్యాఖ్యానాలు కొన్ని నేనూ చదివాను, ఇంతకంటే లోతుగా ఎవరూ చదవలేదని నమ్ముతాను.

యజమానులకూ ఈ సంగతి తెలుసు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చు వేశారు. ఐగుప్తు నుంచి విడుదలైన కథ అందులో లేకుండా కోసేశారు, లోబడమన్న మాటలు ఉంచారు. ఆ కత్తెర పట్టినవాళ్లకు గ్రంథంలో రెండు గొంతులున్నాయని, ఏది ఎవరి చెవిన పడితే ప్రమాదమో బాగా తెలుసు. నీ స్నేహితురాలికి ఇది చెప్పు. ఆమె చూపిన గొంతు అందులో ఉంది, నేను చెప్పే గొంతూ ఉంది. రెండింటిలో ఏది దేవునిదని ఎలా తేల్చావని అడుగుతుంది. మోసే భుజం ఏది విని నిటారుగా లేచిందో దాన్నిబట్టి తేల్చానని చెప్తాను. ఆమెకు ఇది చాలకపోవచ్చు. నాకు చాలింది.

అలాగని జరిగినదానికంటే ఎక్కువ చెప్పుకోవద్దు. ఆదివారం వచ్చినంత మాత్రాన మిగతా ఆరు రోజులు మనవి కాలేదు. చేను ఊరిదే, నోటు ఊరిదే. జీతాలు పోవాలని మిషన్ ఉద్యమం చెయ్యలేదు. మాలపల్లె గుడి ఒకటి, మాదిగపల్లె గుడి ఒకటిగా ఇప్పటికీ ఉన్న ఊళ్లు నీకే తెలుసు. బానిసను ఆస్తిగా కోర్టులు ఒప్పుకోకూడదని 1843లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసింది, పల్లెకు దాని సంగతే తెలియదు. వెట్టి నేరమని రాజ్యాంగం 23వ అధికరణం చెప్పింది, 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అంబేద్కర్‌గారికి, ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్లకు చెందవలసిన గౌరవాన్ని బైబిలు ఖాతాలో వేసుకోవడం దొంగతనం. అది మనం చెయ్యొద్దు.

ఒక్క చోట మాత్రం ఆ పాత గ్రంథం ఈ కాలపు చట్టాల కంటే ముందుందని నువ్వు ధైర్యంగా చెప్పొచ్చు. ద్వితీయోపదేశకాండం 15లో, ఏడో ఏట విడిచిపెట్టేవాణ్ణి వట్టి చేతులతో పంపొద్దని, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపమని ఉంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల్ని విడుదల చేస్తూ 2 కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది. ఎవరికి? యజమానులకు. చెరుకు తోటల్లో వీపులు చిట్లినవాళ్లకు దమ్మిడీ ఇవ్వలేదు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. మన దేశంలో ఇప్పుడు వెట్టి నుంచి విడిపించినవాళ్లకు ప్రభుత్వ పథకం కింద లక్ష నుంచి మూడు లక్షల దాకా పునరావాసపు సొమ్ము రావాలి. వాడు ఏ మతమో, మనవాడో పైవాడో అడగరు. లేవీయకాండం గీసిన గీత ఆ కాగితం మీద లేదు. ద్వితీయోపదేశకాండపు కళ్లం మాత్రం ఉంది.

పిల్లల సంగతి ఒకటి రాసి ముగిస్తాను. బడిలో నేను అక్షరాలు దిద్దించిన పలకలన్నీ మార్కాపురం పలకలే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు బాలకార్మికుల కేసులో తీర్పు ఇస్తూ ముందుగా పట్టించుకోవాలన్న తొమ్మిది పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ పేరు రాసింది, శివకాశి అగ్గిపెట్టెలతో పాటు. పిల్లవాణ్ణి పెట్టుకున్న యజమాని 20,000 రూపాయలు కట్టాలంది. ఆ పేపరు చదివిన రోజు తరగతిలో పలకలు పంచుతుంటే నాకు చెయ్యి ఆడలేదు. అక్షరం రాని పిల్లలు, రాతిపొడి పీలుస్తూ, వేరే పిల్లల అక్షరాల కోసం చేసిన పలకలు అవి. వాళ్లలో చాలామందిని అక్కడికి పంపింది ఇంటి అప్పే. నెహెమ్యా 5వ అధ్యాయంలో తల్లిదండ్రులు ఇదే మొర పెడతారు: కరువొచ్చి గింజల కోసం పొలాలు కుదవపెట్టాం, ఇప్పుడు పిల్లల్ని దాసులుగా ఇస్తున్నాం అని. నెహెమ్యా వాళ్లకు ప్రార్థన చేసుకోమని చెప్పి పంపలేదు. పెద్దల్ని పిలిచి సభ పెట్టి, పొలాలూ వడ్డీలూ ఆ రోజే తిరిగి ఇవ్వమని నిలబెట్టి అడిగాడు.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు యౌవనస్థుల కూటంలో ఆ లేవీయకాండం అధ్యాయం నువ్వే చదవాలి, ఒక్క వచనం కూడా దాటెయ్యకుండా. పాస్టరుగారితో నేను మాట్లాడాను, సరే అన్నారు. నీ స్నేహితురాలికి రావాలనిపిస్తే తీసుకురా. మీ అమ్మమ్మ అరిసెలు చేస్తానంటోంది.

ఈలోగా నీతో ఒక పని ఉంది. మన పల్లె నుంచి ఒక కుటుంబం మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, సంక్రాంతి వెళ్లాక ఇటుక బట్టీకి పోయింది. అడ్వాన్సు తీరలేదని ఇప్పుడు రానివ్వడం లేదట. పెద్దపిల్లను కూడా పనిలో పెట్టారట. ఆ ఇంటి ఇల్లాలు ఎవరిదో ఫోను అడుక్కుని మాట్లాడింది. అర్జీ బట్టీ ఉన్న జిల్లా కలెక్టరుకు పోవాలి కదా. 1976 చట్టం ఆరో సెక్షన్ కింద ఆ బాకీ చెల్లదని, వెట్టి కాదని రుజువు చేసుకునే భారం పదిహేనో సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడిదేనని అందులో స్పష్టంగా రాయి. పేర్లు, వయసులు, తీసుకున్న అడ్వాన్సు, వెళ్లిన నెల, బట్టీ దగ్గరి ఊరు, ఇవన్నీ ఇక్కడ పల్లెలో ఉన్న ఆ ఇల్లాలి అమ్మను కూర్చోబెట్టుకుని నేను రాయించాను. మీ నాన్న ఈ ఉత్తరంతోపాటు ఆ కాగితం ఫొటో కూడా పంపుతాడు. మీ లీగల్ ఎయిడ్ సార్‌కు చూపించి, ఈ వారంలోనే పంపించు. ఆ అమ్మ వేలిముద్ర వెయ్యాలంటే చెప్పు, తీసుకుని వస్తాను.

ఉంటాను.

మీ తాత